స్పీడ్ బ్రేకర్ దగ్గర సౌండ్ వస్తే షాకప్స్ పోయినట్టేనా?

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న హ్యాచ్‌బ్యాక్, 70 వేల కిలోమీటర్లు తిరిగింది, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ముందు వైపు టక్ టక్ మంటోంది, మెకానిక్ నాలుగు షాకప్స్ (బండి ఊపుని ఆపే షాక్ అబ్జార్బర్లు) మార్చాలంటున్నాడు, నమ్మొచ్చా అని అడిగారు. సౌండ్ ఒక్కటే చూసి నాలుగూ మార్పించకండి. షాకప్ అరిగిపోయినప్పుడు చాలాసార్లు చప్పుడే ఉండదు. చప్పుడు చేసేవి ఎక్కువగా దాని చుట్టూ ఉండే లింక్ రాడ్లు అనే చిన్న కడ్డీలు, చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్‌కి ఉండే రబ్బరు బుష్‌లు, స్ట్రట్ (ముందు చక్రం దగ్గర స్ప్రింగ్, షాకప్ కలిసి ఉండే భాగం) పైన ఉండే టాప్ మౌంట్.

మా కారుకీ ఇలాగే ఒక గ్యారేజీలో షాకప్స్ అన్నారు. ఇంకోచోట చూపిస్తే లింక్ రాడ్లు వదులయ్యాయని తేలింది. షాకప్స్‌తో పోలిస్తే వాటి ఖర్చు చాలా తక్కువ. మార్చగానే సౌండ్ ఆగిపోయింది. మీరూ ఇది చూడండి: ఒకే స్పీడ్ బ్రేకర్‌ని మెల్లగా, ఒకసారి తిన్నగా ఎక్కించండి, ఇంకోసారి ఏటవాలుగా, ఒక చక్రం ముందు ఎక్కేలా ఎక్కించండి. తిన్నగా వెళ్తే రెండు చక్రాలూ కలిసి లేస్తాయి కాబట్టి ఎడమ, కుడి చక్రాలని లింక్ రాడ్లతో కలిపే స్టెబిలైజర్ బార్ మెలి తిరగదు. ఏటవాలుగా వెళ్లినప్పుడే టక్కుమంటే మొదట లింక్ రాడ్ చూడమనండి. బండి ఆపి ఉంచి స్టీరింగ్ తిప్పినప్పుడు పైనుంచి టక్ అని వస్తే టాప్ మౌంట్ బేరింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

షాకప్స్ నిజంగా పోయింది చాలా రోజుల తర్వాత. అప్పుడు ఏ సౌండూ లేదు. వెనక సీట్లో కూర్చున్న మా నాన్న "బండి ఊగుతోందిరా, కడుపులో తిప్పుతోంది" అంటే గమనించాను. డ్రైవర్‌కి కొంచెం కొంచెంగా అలవాటైపోతుంది, తెలియదు. హైదరాబాద్‌లో పీవీఎన్ఆర్ ఎక్స్‌ప్రెస్‌వే మీద మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా వరసగా ఫ్లైఓవర్ జాయింట్లు వస్తాయి కదా, అక్కడ బాగా తెలిసింది. మంచి షాకప్ ఉంటే ఒక్కసారి డబ్ మని బండి కుదురుకుంటుంది. మాది ఒక జాయింట్ ఊపు తగ్గకముందే తర్వాతి జాయింట్ ఎక్కేది. ఔటర్ రింగ్ రోడ్డు మీద లేన్ మారినా వెనక భాగం కాస్త ఆలస్యంగా సర్దుకునేది. గట్టిగా బ్రేక్ వేస్తే ముక్కు బాగా కిందికి వంగడం కూడా ఇదే కోవలోది.

ఇంటికొచ్చి వెనక టైరు మీద అరచేయి పెట్టి నెమ్మదిగా చుట్టూ నిమిరాను. కంటికి బాగానే ఉన్న టైరు చేతికి ఎత్తుపల్లాలుగా తగిలింది. టైరు రోడ్డుని వదిలి మళ్లీ తాకుతూ ఉండటం వల్ల అలా అరుగుతుంది. బ్యాలెన్సింగ్ పోయినా రావచ్చు, కాబట్టి అదీ చూపించుకోవాలి. కానీ ఇది చిన్న విషయం కాదు. టైరు గాల్లో ఉన్నంతసేపూ ఆ చక్రం బ్రేక్ బండిని ఆపలేదు, వానలో ఇంకా ప్రమాదం.

తర్వాత టార్చి వేసి చూడండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు స్ట్రట్ కనిపిస్తుంది. పైన పల్చటి నూనె పొర ఉంటే కంగారు పడక్కర్లేదు. నూనె కిందికి కారి, దాని మీద మన రోడ్ల దుమ్ము పేరుకుని నల్లటి ముద్దలా ఉంటే సీల్ పోయినట్టే. అనుమానంగా ఉంటే గుడ్డతో తుడిచి, కొన్ని రోజులు తిప్పి మళ్లీ చూడండి. బానెట్ అంచు నొక్కి వదిలే పరీక్ష అందరూ చెబుతారు. రెండు మూడు సార్లు ఊగితే షాకప్ పోయిందని నమ్మొచ్చు. ఊగకపోతే మాత్రం బాగుందని అనుకోవద్దు, చేత్తో నొక్కే వేగం వేరు, గుంతలో పడే వేగం వేరు.

మార్చాల్సి వస్తే ముందు రెండూ కలిపి, లేదా వెనక రెండూ కలిపి మార్చండి. ఒక పక్కే కొత్తది వేస్తే రెండు చక్రాలూ రెండు రకాలుగా పనిచేస్తాయి. బంప్ స్టాపర్లు (షాకప్ పూర్తిగా దిగినప్పుడు దెబ్బని ఆపే ముక్కలు), డస్ట్ కవర్లు కూడా కొత్తవి వేయించండి. ముందు స్ట్రట్లు మారిస్తే వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. స్ప్రింగ్ విప్పే పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి, స్ప్రింగ్‌ని నొక్కిపట్టే కంప్రెసర్ సరిగ్గా బిగించకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. నూనె నింపి ఇచ్చే రిపేరు షాకప్స్ నేనైతే ముందు చక్రాలకి వేయించను.

మీ బండికి మొదట లింక్ రాడ్లు, బుష్‌లు చూపించండి. అవి సరిచేశాక కూడా బండి ఊగుతుంటే అప్పుడు షాకప్స్ సంగతి. విప్పిన పాతవి మీ ముందే నిలబెట్టి రాడ్ నొక్కమనండి. నొక్కుతుంటే గట్టిగా అడ్డుకోవాలి. ఎదురే లేకుండా దిగిపోయినా, మధ్యలో ఒక్కసారిగా జారినా అది పోయినట్టే.