మా అబ్బాయి తోటి పిల్లల్ని కొడుతున్నాడట, ఏం చేయాలి?

ఎనిమిదో తరగతి చదివే మీ బాబు గురించి స్కూలు నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చిందని, తిట్టినా కొట్టినా మారట్లేదని రాశారు. మూడేళ్ల క్రితం మా ఇంట్లోనూ ఇదే గొడవ. అప్పుడు మావాడు తొమ్మిదో తరగతి.

ఫోన్ వచ్చిన రోజు నేను చేసిన మొదటి పని వాడి చెంప పగలగొట్టడం. "ఇంకోసారి ఎవరి మీదైనా చెయ్యెత్తావంటే..." అంటూ నేనే చెయ్యెత్తాను. వాడు ఏడవలేదు. పది రోజులు నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు.

అసలు విషయం బండి మీద బయటపడింది. ట్యూషన్ నుంచి తీసుకొస్తుంటే వెనక నుంచి ఉన్నట్టుండి, "నాన్నా, హాస్టల్లో నేను రోజూ ఎన్ని బకెట్లు మోసేవాణ్ణో తెలుసా?" అన్నాడు. ఏడు, ఎనిమిది తరగతులు వాణ్ణి ఒక రెసిడెన్షియల్ స్కూల్లో వేశాం. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి పదో తరగతి వాళ్లకి నీళ్లు పట్టిపెట్టాలట. ఆలస్యమైతే తడి టవల్‌తో కొట్టేవాళ్లట. సెలవులకి వచ్చినప్పుడు వీపు మీద కమిలిన చారలు వాళ్లమ్మ చూసింది కూడా. కబడ్డీలో పడ్డానంటే నమ్మేశాం. ఇక్కడికొచ్చి కాస్త పొడుగయ్యాక, క్లాసులో అందరికంటే బక్కగా ఉన్న పిల్లాణ్ణి పట్టుకున్నాడు.

అందరిదీ ఇదే కథ అనను. ఫ్రెండ్స్ ముందు హీరో అవ్వాలని కొట్టేవాళ్లుంటారు, ఇంట్లో చూసి నేర్చుకునేవాళ్లుంటారు. మీవాడిది ఏదో వాడే చెప్పాలి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పడు, బండి మీద తిప్పండి.

కారణం తెలిసింది కదా అని వదిలెయ్యలేదు. మావాడు ఆ పిల్లాడి టిఫిన్ బాక్స్ విరగ్గొట్టాడు. వాడి పాకెట్ మనీతోనే కొత్తది కొనిపించి వాళ్లింటికి తీసుకెళ్లాను. ఆ బాబు గది తలుపు తియ్యలేదు. వాళ్లమ్మ బాక్స్ తీసుకుంది, మంచినీళ్లిచ్చింది, కూర్చోమనలేదు. తిరిగొస్తుంటే "వాడు నాకు భయపడుతున్నాడు నాన్నా" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. సందు చివర బండి ఆపాల్సి వచ్చింది.

క్లాస్ టీచర్ని అడిగి సెక్షన్ మార్పించాం. అందరి ముందు నిలబెట్టి తిట్టొద్దని కూడా చెప్పాం. వాడి కోపం గురించి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి ఫోన్ చేశాను. ఉచితమే, తెలుగులోనే మాట్లాడారు. తర్వాత నాలుగైదుసార్లు సైకాలజిస్ట్ దగ్గరికి తిప్పాం. ఒక్క నెలలో మారాడని చెప్పను, ఏడాది పట్టింది. మధ్యలో ఒకసారి మళ్లీ ఫోన్ వచ్చింది కూడా.

మీవాడు కూడా హాస్టల్లో దెబ్బలు తిన్నవాడైతే ఒక్క మాట. 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం కాలేజీలకే అనుకుంటారు చాలామంది. హాస్టళ్లకీ వర్తిస్తుంది, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ. ఫిర్యాదు అందాక పట్టించుకోకపోతే సంస్థ నడిపేవాళ్లూ నేరానికి తోడ్పడినట్టే లెక్క. కాబట్టి రాసి ఇవ్వండి, కాపీ దగ్గర పెట్టుకోండి. నేను ఇవ్వలేదు. టీసీ తీసుకుని వచ్చేశాం కదా, ఇంకెందుకులే అనుకున్నాను. ఆ బకెట్లు ఇప్పుడు ఏ పిల్లాడు మోస్తున్నాడో.