రాని ఫెలోషిప్‌ను నమ్ముకుని ప్రోనోటు రాయకండి

ప్రశ్న: నేను 29 ఏళ్ళ అమ్మాయిని. గుంటూరులో అమ్మానాన్నలతో ఉంటూ విజయవాడలో ఒక వార్తాసంస్థలో సబ్ ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. చేతికి నెలకు 31,000 వస్తుంది. నాన్న మిర్చి యార్డులో గుమస్తాగా చేసి ఈమధ్యే మానేశారు, అమ్మకు మధుమేహం. ఇంటికి నెలకు 12,000 ఇస్తాను. నాగార్జున విశ్వవిద్యాలయంలో జర్నలిజం పీజీ చేశాను. నెట్‌లో (జాతీయ అర్హత పరీక్ష) సహాయ ఆచార్య అర్హత వచ్చింది, పరిశోధకులకు నెలనెలా ఇచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాలేదు. హైదరాబాద్‌లోని ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చింది, జూలైలో చేరాలి. అక్కడ నెలకు 8,000 ఇస్తారు, నా ఖర్చు 7,000 ఉంటుంది. డిసెంబరులో జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటాను కనుక అప్పటిదాకా గడవడానికి తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తీసుకోవాలనుకుంటున్నాను. లాప్‌టాప్, కెమెరాలకు 1.40 లక్షలు, పరిశోధన పత్రాల ప్రచురణకు 60,000 పోగా మిగిలింది ఖర్చులకు. బ్యాంకులో 1.80 లక్షల డిపాజిట్ ఉంది. నోటు రాయడం మంచిదా, అమ్మ బంగారం తాకట్టు పెట్టడం మంచిదా?

జవాబు: రెండూ వద్దని ముందే చెప్పి, ఎందుకు వద్దో తర్వాత వివరిస్తాను. జర్నలిజంలోనో మాస్ కమ్యూనికేషన్‌లోనో పీజీ పూర్తిచేసి, కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, పరిశోధన మీద ఇష్టంతో ఆ ఉద్యోగం వదులుకోవడానికి సిద్ధపడి నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది మీలాగే పొరబడుతున్నారు కనుక ఈ జవాబు కాస్త వివరంగా రాస్తున్నాను. "జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటాను కనుక" అని మీరు రాసిన మాటలోనే ఆ పొరపాటు ఉంది. ఇంకా చేతికి రాని ఫెలోషిప్‌ను రాబడి కింద వేసుకుని, దాన్ని చూపించి మీకు మీరే అప్పు మంజూరు చేసుకుంటున్నారు.

మీ లెక్కనే చూద్దాం. 3 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 6,000, ఏడాదికి 24 శాతం. మీ ఖర్చు 7,000, ఇంటికి 12,000, వడ్డీ 6,000 కలిపి నెలకు 25,000 కావాలి. వచ్చేది 8,000. నెలనెలా 17,000 తరుగు పడుతుంది. అప్పులో 2 లక్షలు మొదట్లోనే సామానుకు, ప్రచురణకు పోతాయి కనుక మిగిలిన లక్ష ఆరు నెలలు కూడా నిండుగా రాదు. జూలైలో చేరితే డిసెంబరు చివరికి మీ చేయి ఖాళీ. 2024 డిసెంబరు విడత నెట్ జరిగింది 2025 జనవరిలో, ఫలితాలు వచ్చింది ఫిబ్రవరిలో. అంతకు ముందు విడతలో, 2024 జూన్ 18న జరిగిన పరీక్షను మర్నాడే రద్దు చేసి, ఆగస్టు నెలాఖరులోనూ సెప్టెంబరు మొదట్లోనూ మళ్ళీ పెట్టారు. ఫలితాలకు అక్టోబరు దాకా ఆగవలసి వచ్చింది. పరీక్ష తేదీ మీ చేతిలో లేదు, వడ్డీ తేదీ మాత్రం నెల తిరగ్గానే వచ్చి నిలబడుతుంది. పైగా నెట్ రెండు పేపర్లూ రాసినవారిలో సుమారు 6 శాతం మందికే సహాయ ఆచార్య అర్హత ఇస్తారు, జేఆర్‌ఎఫ్ దక్కేది అంతకంటే తక్కువ మందికి. మీరు ఆ మొదటి గడప దాటారంటే తెలివితేటలకు లోటు లేదు. రెండో గడప మీద అప్పు పెట్టకండి అన్నదే నా మాట.

వడ్డీ కట్టలేకపోతే ఏమవుతుందో యార్డులో ఏళ్ళ తరబడి పనిచేసిన మీ నాన్నగారిని అడగండి. ప్రోనోటు మూడేళ్ళకు కాలదోషం పడుతుంది, అంటే దాని మీద కోర్టుకు వెళ్ళే గడువు తీరిపోతుంది కనుక అప్పిచ్చినవారు ఆలోపే నోటు తిరగరాయిస్తారు. అప్పటికి పేరుకున్న 2,16,000 వడ్డీ అసలులో కలిసి, కొత్త నోటు 5,16,000కు తయారవుతుంది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీస కాలం మూడేళ్ళు, సాధారణంగా గరిష్ఠ కాలం ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళు నిండేసరికి అదే బాకీ 8,87,520 అవుతుంది. చదువు కోసం ఇలాంటి నోటు మీద సంతకం పెట్టడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించలేను. తెలిసినవారే కదా అన్న భరోసా వడ్డీని తగ్గించదు, పైగా గట్టిగా అడగలేని మొహమాటాన్ని తెచ్చిపెడుతుంది.

జేఆర్‌ఎఫ్ వచ్చిందనే అనుకుందాం. 2023 జనవరి నుంచి అది నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయితే 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. గౌరవంగా బతకగలిగిన మొత్తమే. అయితే అది జీతంలా ఒకటో తేదీన పడే సొమ్ము కాదు. చేరిక పత్రాలు పరిశీలనకు వెళ్ళాలి, ప్రతి నెలా విభాగం నుంచి ధ్రువీకరణ వెళ్ళాలి, నిధులు విడుదల కావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఆగినా నెలల సొమ్ము ఒకేసారి బకాయిగా నిలిచిపోతుంది. అందుకే పరిశోధనకు వెళ్ళేవారు ఫెలోషిప్ ఉన్నా లేకపోయినా పన్నెండు నెలల ఖర్చును అత్యవసర నిధిగా పక్కన పెట్టుకున్నాకే ఉద్యోగం మానాలని పట్టుబడతాను. ఉద్యోగస్తులకు ఆరు నెలలు చాలునంటాను, పరిశోధకులకు చాలదు.

నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. పల్నాడు పల్లెల్లో ఆడవాళ్ళు సెల్‌ఫోన్‌లో వార్తలు ఎలా చూస్తున్నారన్నది అతని పరిశోధన. నలభై మందితో మాట్లాడి రికార్డు చేసుకొచ్చాడు. ఒక గంట సంభాషణను విని, ఆ యాసను చెడగొట్టకుండా తెలుగులో టైపు చేయడానికి నాలుగైదు గంటలు పడుతుందని అతనే చెప్పాడు. ఆ పని మధ్యలో ఉండగా ఫెలోషిప్ ఆగింది, అదే సమయంలో తండ్రి ఆసుపత్రిలో చేరాడు, మూడు రూపాయల వడ్డీకి నోటు రాశాడు. నా బల్ల మీద పెట్టిన ఆ నోటు నకలు వెనకవైపు, వడ్డీ చెల్లు వేసిన వరసలు మొదట నెలనెలా ఉండి, తర్వాత రెండు నెలలకొకటిగా మారి, ఒకచోట ఆగిపోయాయి. వడ్డీ ఆగిన నెలలోనే అతను పరిశోధన ఆపి ఒక ప్రకటనల సంస్థలో చేరాడు. ఆ నలభై గొంతులూ ఒక పెన్‌డ్రైవ్‌లో ఉండిపోయాయి. అతని దగ్గర లక్షన్నర విడిగా ఉండి ఉంటే ఆ పని పూర్తయ్యేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. మన పల్లెలు వార్తను ఎలా అందుకుంటున్నాయో తెలుగులో విని రాసేవారు మనకు చాలా అవసరం.

మీ విషయంలో ఆ నిధి ఎంత ఉండాలి? నెలకు 19,000 చొప్పున పన్నెండు నెలలకు 2,28,000. మీ డిపాజిట్ 1.80 లక్షలు దాని కోసమే ఉంచండి, లాప్‌టాప్ కోసం విరగ్గొట్టకండి. ఈ సొమ్మును షేర్లలో గాని, ఈక్విటీ ఫండ్లలో గాని, చీటీలో గాని పెట్టవద్దు. అవసరం వచ్చిన రోజున పాట కోసం ఎదురుచూసే స్థితి రాకూడదు కనుక అమ్మగారి పేరు కూడా కలిపి బ్యాంకు డిపాజిట్‌లోనే ఉంచండి. నెలవారీ తరుగును దానితో పూడ్చడం మొదలుపెడితే అది అత్యవసర నిధి కాకుండా పోతుంది.

ఖర్చుల పట్టికలో 60,000 ప్రచురణ పద్దును కొట్టేయండి. థీసిస్ సమర్పణకు ముందు పత్రాలు ప్రచురించి తీరాలన్న షరతును 2022 నిబంధనల్లో యూజీసీ తొలగించింది. మీ విశ్వవిద్యాలయం సొంతంగా అలాంటి నియమం పెట్టిందేమో విభాగంలో కనుక్కోండి. ఏదేమైనా డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే పత్రికలు మీ పరిశోధనకు గౌరవం తేవు. కెమెరా కూడా ఇప్పుడు అక్కర్లేదు. మొదటి ఏడాది కోర్సు వర్కు, పరిశోధన పద్ధతులు, గ్రంథాలయంలో చదువులతోనే గడుస్తుంది. క్షేత్ర సంభాషణలకు మీ ఫోన్, ఒక మంచి మైకు చాలు.

రాజీనామా ఇచ్చిన రోజుతో ఆఫీసు గ్రూపు ఆరోగ్య బీమా పోతుందన్న సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అమ్మగారు కూడా అందులో ఉంటే, రాజీనామాకు ముందే అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం అడగండి. కొత్తగా తీసుకుంటే ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ళ వరకు నిరీక్షణ ఉండవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు కనుక భారం కొంత తగ్గింది.

బంగారం మీద బ్యాంకు అప్పు నోటు కంటే చౌకే, కానీ రాబడి లేనివారు దాన్ని విడిపించుకోవడం కష్టం. విద్యా రుణం విషయానికొస్తే, బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యా రుణ పథకం కింద 7.5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు, కోర్సు పూర్తయిన ఏడాది తర్వాత వాయిదాలు మొదలవుతాయి. అప్పు తప్పనిసరైతే అదొక్కటే ఆలోచించదగినది. అనువాదాలు చేసి సంపాదిస్తానని అనుకుంటే, జేఆర్‌ఎఫ్ తీసుకునేవారు వేరే వేతనం పొందకూడదన్న షరతును గుర్తుంచుకోండి.

ఈ ఏడాది సీటు వదులుకోమని నా సలహా. ఇది మీకు బాధ కలిగిస్తుందని తెలుసు. సహాయ ఆచార్య అర్హత మీకు శాశ్వతంగా ఉంటుంది. పీహెచ్‌డీ ప్రవేశానికి నెట్ మార్కులు ఒక్క ఏడాదే చెల్లుతాయి కనుక మళ్ళీ రాయాలి, అయితే జేఆర్‌ఎఫ్ కోసం మీరు ఎలాగూ రాయబోతున్నారు. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్ళయినా మహిళలకు ఐదేళ్ళ సడలింపు ఉంది, తొందరపడే అవసరం లేదు. ఇంటికి ఇచ్చాక మీ దగ్గర మిగిలే 19,000లో నెలకు 10,000 దాచగలిగితే ఏడాదికి 1,20,000 అవుతుంది; డిపాజిట్‌తో కలిపి సరిగ్గా 3 లక్షలు. నోటు రాసి తెచ్చుకోవాలనుకున్న మొత్తం మీ సొంత సొమ్ముగా చేతిలో ఉంటుంది. అందులో 2,28,000 నిధికి, 72,000 లాప్‌టాప్‌కు, ప్రయాణాలకు. అప్పటికీ జేఆర్‌ఎఫ్ రాకపోతే ఆఫీసు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తీసుకుని, ఉద్యోగంలో ఉంటూనే దగ్గరలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి ప్రయత్నించండి.

నోటు గురించి మాట ఇచ్చి ఉంటే, రెవెన్యూ స్టాంపు అంటించకముందే నాన్నగారి చేత ఆ మాట వెనక్కి తీయించండి. ఈ నెల జీతం పడిన రోజునే 10,000కు రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి.