రూట్ కెనాల్‌లో బ్లీచింగ్ వాసన, వారం గడువు: సమాధానం

హన్మకొండలో రూట్ కెనాల్ (పంటి వేరు లోపలి కాలువను శుభ్రం చేసి మూసే చికిత్స) మొదలుపెట్టించుకున్నప్పుడు నోట్లోకి బ్లీచింగ్ వాసనతో నీళ్లు కారాయనీ, తాత్కాలికంగా మూసి వారం తర్వాత రమ్మన్నారనీ రాశారు. అది సోడియం హైపోక్లోరైట్. వేరు లోపల గీకే సన్నని పరికరం (ఫైలు) చేరలేని సన్నని పాయల్లోని సూక్ష్మజీవులను చంపి, కుళ్లిన కణజాలాన్ని కరిగించేది అదే కనుక, 0.5 నుంచి 5.25 శాతం గాఢతలో, పక్కకు రంధ్రమున్న సూదితో, వేరు కొస దాటిపోకుండా నెమ్మదిగా పంపుతారు. వాసన సహజమే గానీ నోట్లోకి కారడం సరికాదు. ఈసారి రబ్బరు డ్యామ్ (పంటిని నోటి నుంచి వేరుచేసే రబ్బరు తెర) బిగించమని తప్పక అడగండి. వారం గడువు బహుశా లోపల పెట్టిన క్రిములను చంపే కాల్షియం హైడ్రాక్సైడ్ మందు ముద్ద పనిచేయడానికి. ఈలోగా పైన తాత్కాలికంగా మూసిన సిమెంటు ఊడితే లాలాజలంతో క్రిములు మళ్లీ చేరతాయి కాబట్టి, ఆ వైపు సకినాలు కొరకకండి. ఊడినా, ముఖం వాచినా, జ్వరం వచ్చినా గడువు కోసం ఆగకుండా అదే రోజు వెళ్లండి.