3 దగ్గర ఆగిన క్వాలిటీ స్కోరు: ముందు ఫోన్లు వినండి

"గూగుల్ యాడ్స్‌లో మా ముఖ్యమైన కీవర్డ్‌ల క్వాలిటీ స్కోరు 3 దాటడం లేదు. బిడ్ పెంచాం, యాడ్ నాలుగుసార్లు మార్చాం. ఇంకేం చేయాలి?" అని మీరు అడిగారు. క్వాలిటీ స్కోరంటే ఒక్కో కీవర్డ్‌కి, అంటే ఏ మాట వెతికితే మన యాడ్ కనబడాలని ఎంచుకుంటామో దానికి, గూగుల్ 1 నుంచి 10 వరకు ఇచ్చే మార్కు.

బిడ్, అంటే ఒక్కో క్లిక్కుకు ఇస్తామని చెప్పే ధర, దాని సంగతి ముందు తేల్చేద్దాం. ఎంత పెంచినా ఆ అంకె కదలదు. మ్యాచ్ టైప్ (వెతికిన మాట కీవర్డ్‌కి ఎంత దగ్గరగా ఉంటే యాడ్ చూపాలనే సెట్టింగ్) మార్చినా కదలదు. బిడ్ పెంచితే యాడ్ పైన కనబడవచ్చు, కానీ స్కోరులో ఒక భాగమైన క్లిక్ రేటు అంచనా (యాడ్ చూసినవాళ్లలో ఎందరు నొక్కుతారన్న లెక్క) కట్టేటప్పుడు, పైన కనబడినందుకు పడే అదనపు క్లిక్కులను పక్కన పెట్టేస్తారు. ఇక యాడ్ నాలుగుసార్లు మార్చామన్నారు చూడండి, నేను చెప్పాలనుకున్నది దాని గురించే. నేనూ మూడు వారాలు అదే పని చేశాను.

పాడైన హార్డ్ డిస్కుల్లోంచి డేటా తీసిచ్చే ఒక సంస్థకు అప్పట్లో యాడ్స్ చూసేవాణ్ణి. నాకు అప్పగించేసరికి నలభైకి పైగా కీవర్డ్‌లు ఒకే యాడ్ గ్రూపులో ఉన్నాయి. పెన్‌డ్రైవ్, సర్వర్, ఫోన్ మెమరీ, ఉచిత రికవరీ సాఫ్ట్‌వేర్, అన్నీ కలిపేసి ఒకే యాడ్, క్లిక్ చేస్తే హోమ్ పేజీ. స్కోర్లు 2, 3. నేను కూర్చుని హెడ్‌లైన్లు తిరగరాశాను. "నమ్మకమైన సేవ", "అనుభవజ్ఞులైన నిపుణులు", "అత్యాధునిక పరికరాలు". స్కోరు ఉన్నచోటే ఉంది.

చివరికి ఓనరు గారితో మాట్లాడదామని వాళ్ల ఆఫీసుకి వెళ్లాను. ఆవిడ మీటింగులో ఉన్నారు. రిసెప్షన్‌లో రెండు గంటలకు పైగా కూర్చున్నాను. నా సమస్యకు జవాబు అక్కడ దొరికింది.

ఫోన్ మోగుతూనే ఉంది. మొదటి కాల్‌లో ఎవరో డిస్క్ కింద పడేసుకున్నారు, టక్ టక్ మని శబ్దం వస్తోందట. రిసెప్షన్‌లో అమ్మాయి తడుముకోకుండా, "వెంటనే పవర్ తీసేయండి సార్, మళ్లీ ఆన్ చేయకండి, చేసినకొద్దీ లోపల గీతలు పడతాయి" అంది. అవతల ఆయన అడిగిన రెండో ప్రశ్న, "డేటా రాకపోతే కూడా డబ్బు కట్టాలా?" మూడోది, "లోపల మా ఇంటి ఫొటోలున్నాయి, ఎవరైనా చూస్తారా?" తర్వాతి కాల్‌లోనూ అవే. ఆ తర్వాత కూడా అవే. మాటలు అటూఇటూ అయినా ప్రశ్నలు మారలేదు. పుస్తకంలో రాసుకుంటూ పోయాను. డేటా రాకపోతే ఫీజు తీసుకోరన్నది వాళ్ల దగ్గర మొదట్నుంచీ ఉన్న పద్ధతే. ఆ ముక్క యాడ్‌లో లేదు, సైట్‌లో ఎక్కడా లేదు! ఫోన్ చేసినవాళ్లకే తెలిసేది.

ఆ రాత్రే పని మొదలుపెట్టాను. కీవర్డ్‌లను సమస్యను బట్టి విడదీశాను: శబ్దం చేసే డిస్క్ ఒక గ్రూపు, పొరపాటున ఫార్మాట్ చేసింది ఇంకొకటి, సర్వర్లు వేరే. "డిస్క్ టక్ టక్ మంటోందా?", "డేటా రాకపోతే ఫీజు లేదు" అనేవి హెడ్‌లైన్లు అయ్యాయి. 30 అక్షరాల పరిమితిలో చక్కగా సరిపోయాయి. ఉచిత సాఫ్ట్‌వేర్ కీవర్డ్‌లు తీసేశాను, ఎందుకంటే అవి వెతికేవాళ్లకు ఈ సంస్థతో పనే లేదు. "ఫ్రీ", "డౌన్‌లోడ్" లాంటివి నెగటివ్ కీవర్డ్‌లుగా పెట్టాను, అంటే ఆ మాటలతో వెతికితే యాడ్ కనబడదు. నెగటివ్‌లు పెడితే స్కోరు పెరుగుతుందని చాలామంది చెప్తారు, కానీ స్కోరును లెక్కగట్టేది కీవర్డ్‌తో అచ్చంగా సరిపోయిన వెతుకులాటల మీద. నెగటివ్‌లు ఆపేది వేరే వెతుకులాటల్ని, కాబట్టి స్కోరు కదలదు. అవి మీ డబ్బును కాపాడతాయి, అందుకు పెట్టండి.

అసలు తేడా తెచ్చింది ల్యాండింగ్ పేజీ, అంటే యాడ్ నొక్కితే తెరుచుకునే పేజీ. పైన ఉన్న పెద్ద సర్వర్ రూమ్ బొమ్మ తీయించాను, మొబైల్‌లో అది తెరుచుకునేసరికి మనిషి వెనక్కి వెళ్లిపోతున్నాడు. దాని స్థానంలో మొదటి వాక్యంగా ఆ అమ్మాయి ఫోన్‌లో చెప్పిందే పెట్టాం: వెంటనే పవర్ తీసేయండి, మళ్లీ ఆన్ చేయకండి. కింద ఫీజు సంగతి, గోప్యత సంగతి. ఓనరు గారు ముందు ఒప్పుకోలేదు. "అది చదివి ఫోన్ చేయకుండా వెళ్లిపోతే?" అన్నారు. వెళ్లలేదు, ఫోన్లు పెరిగాయి.

ముందు క్లిక్ రేటు అంచనాకిచ్చే రేటింగ్ "సగటు కంటే తక్కువ" నుంచి "సగటు"కు వచ్చింది. ల్యాండింగ్ పేజీ రేటింగ్‌కి ఇంకా సమయం పట్టింది. గత 90 రోజుల్లో అదే వెతుకులాటకు యాడ్ చూపించిన మిగతావాళ్లతో మనల్ని పోల్చి ఆ రేటింగ్‌లు ఇస్తారు కాబట్టి రేపటికల్లా మారాలని చూడకండి. డిస్క్ శబ్దం గ్రూపులో కీవర్డ్‌ల స్కోరు 3 నుంచి 7కి ఎక్కింది. ఉత్త "డేటా రికవరీ" మాత్రం 5 దగ్గరే ఉండిపోయింది. ఆ మాట వెతికేవాడికి ఏం కావాలో ఆ మాటను బట్టి తెలియదు. దాన్ని అలాగే వదిలేశాను, దానివల్ల నష్టమేమీ రాలేదు.

ఇక్కడ నాకు నిజంగా కోపం తెప్పించే విషయం ఒకటుంది. కొన్ని ఏజెన్సీలు నెలనెలా రిపోర్టులో సగటు స్కోరు చూపించి మెప్పు పొందుతాయి. ఆ సగటులో సంస్థ సొంత పేరుతో ఉన్న కీవర్డ్‌లు 10కి 10 తెచ్చుకుని అంకెను పైకి లాగుతుంటాయి, మిగతావి 3లోనే మగ్గుతుంటాయి. అది క్లయింటును మోసం చేయడమే అంటాను. యాడ్ స్ట్రెంగ్త్ (హెడ్‌లైన్లు ఎన్ని ఉన్నాయి, ఎంత వేర్వేరుగా ఉన్నాయి వంటివి చూసి గూగుల్ యాడ్‌కిచ్చే రేటింగ్) "ఎక్సలెంట్" రావాలని 15 హెడ్‌లైన్లూ ఏదో ఒకదానితో నింపేయడం ఇంకో జబ్బు. యాడ్ స్ట్రెంగ్త్ వేరు, క్వాలిటీ స్కోరు వేరు. అసలు క్వాలిటీ స్కోరు కూడా, ఎవరి యాడ్ చూపాలో తేల్చే వేలంలోకి నేరుగా వెళ్లే అంకె కాదు, అది లోపం ఎక్కడుందో చూపించే పరికరం మాత్రమేనని గూగులే చెప్తోంది. యాడ్ నాణ్యతను ప్రతి వేలంలోనూ అప్పటికప్పుడు వేరుగా లెక్క కడతారు.

కాబట్టి మీరు కీవర్డ్స్ పట్టికలో మూడు కాలమ్‌లు తెరవండి: క్లిక్ రేటు అంచనా, యాడ్ సంబంధం (వెతికిన మాటకు యాడ్ ఎంత సరిపోతోందన్నది), ల్యాండింగ్ పేజీ అనుభవం. ఏది "సగటు కంటే తక్కువ" అని ఉందో దాన్ని ముందు పట్టుకోండి. తర్వాత మీ దగ్గర ఫోన్లు ఎత్తే మనిషి పక్కన ఒక పూట కూర్చోండి. మీ ప్రశ్నలో ల్యాండింగ్ పేజీ ఊసే లేదు, నా అనుమానమంతా దాని మీదే. ఆ మూడు కాలమ్‌లలో ఏముందో రాయండి, చూసి చెప్తాను.