తొట్టిలో నీరు ఎటు పోతోందో ముందు చూడు

కైకలూరు

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియోను నాలుగుసార్లు చూశాను. మూడడుగుల తొట్టి, కుడివైపు వెనుక మూలలో నీటిలో మునిగి ఉన్న ఫిల్టర్, నడుమ అడ్డంగా పేర్చిన నల్లరాళ్లు, వాటి వెనుక దట్టంగా పెరిగిన వల్లిస్నేరియా మొక్కలు, నాలుగు ఏంజెల్ చేపలు, అరడజను విడో టెట్రా చేపలు. ఎడమవైపు వెనుక మూలలో గోధుమరంగు మడ్డి పేరుకుంటోందనీ, పొద్దున్నే చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయనీ, అందుకని ఇంతకు రెండింతల పంపు కొనాలనుకుంటున్నాననీ రాశావు. ఆ పంపును ఇప్పుడే కొనవద్దు. నీ ఫిల్టర్ తోసిన నీరు రాళ్లకు తగిలి, వెనక్కి మళ్లి, తిరిగి ఆ ఫిల్టర్‌లోకే పోతున్నట్టు నాకు కనిపిస్తోంది. అదే నిజమైతే పెద్ద పంపు పెట్టినా ఆ కాస్త నీరే ఇంకా వేగంగా తిరుగుతుంది తప్ప, ఎడమ మూల కదలదు.

తెల్లవారుజామున చేపలు పైకి తేలడం మా వైపు చెరువు ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే. పగలు వెలుతురులో నాచూ మొక్కలూ నీటికి ప్రాణవాయువును ఇస్తాయి. చీకటి పడ్డాక అవే మొక్కలు, చేపలు, అడుగున కుళ్లుతున్న మేత అన్నీ కలిసి దానిని వాడుకుంటాయి కనుక, సూర్యోదయానికి ముందు అది బాగా తగ్గిపోతుంది. రొయ్యల చెరువుల్లో రాత్రిళ్లు నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్ల చక్రాలు ఆగకుండా తిరిగేది ఇందుకే. పైగా నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 8.2 మిల్లీగ్రాములు కరగగలిగితే, 30 డిగ్రీలకు 7.5 మాత్రమే కరుగుతుంది. ఆ వాయువు గాలి నుంచి నీటిలోకి చేరేది ముఖ్యంగా పైపొర ద్వారానే. బుడగలు పైకి వస్తూ అడుగునీటిని లేపి, పైనీటిని కదిలించడం వల్లనే ఎయిర్ పంప్ అంత మేలు చేస్తుంది. నీ వీడియోలో నీటిపై నూనె తేలినట్టు ఒక పలుచని పొర కనిపించింది. పైనీరు నిలిచిపోయిందనడానికి అంతకంటే స్పష్టమైన గుర్తు అక్కరలేదు.

ఇక నీరు ఎటు పోతోందో కంటితో చూసే ఉపాయం చెబుతాను. గదిలో దీపాలు ఆపి, తొట్టి పక్క గాజుకు ఆనించి సెల్‌ఫోన్ టార్చి వెలిగించు. చిటికెడు పొడిమేతను వేళ్ల మధ్య మెత్తగా నలిపి, చెంచాడు నీటిలో తడిపి, ఫిల్టర్ మూతి ఎదుట నెమ్మదిగా వదులు. ఆ రేణువులు వెలుగులో ధూళిలా మెరుస్తాయి. అవి ఎంత దూరం పోయాయి, ఎక్కడ సుడి తిరిగాయి, ఎక్కడ ఆగి మెల్లగా కిందికి జారాయి అన్నది రెండు నిమిషాలు ఓపికగా గమనించు. రేణువులు ఆగిన చోటే రేపు మడ్డి చేరుతుంది. చిటికెడుకు మించి వేయవద్దు, ఆ పూట చేపలకు వేరే మేత పెట్టవద్దు.

నీ రాళ్ల వరుస ప్రవాహానికి గోడ కట్టినట్టు ఉంది. వాటిని తొట్టి పొడవు వెంబడి ఉండేటట్టు తిప్పి, వెనుక గాజుకూ రాళ్లకూ మధ్య మూడు వేళ్ల ఎడం వదులు. వెనుక మొక్కలను మూడో వంతు పలచన చెయ్యి. ఫిల్టర్‌ను కుడివైపు చిన్న గాజుకే ఉంచి, దాని మూతి తొట్టి పొడవునా ఎడమవైపుకు చూసేటట్టు, నీటిమట్టానికి అంగుళం కిందుగా, కొద్దిగా పైకి వంచి పెట్టు. అప్పుడు నీరు పైపొరను కదిలిస్తూ ఎడమ గాజుదాకా పోయి, కిందికి దిగి, అడుగు వెంబడి మడ్డిని తోసుకుంటూ ఫిల్టర్ దగ్గరకు తిరిగి వస్తుంది. పైన సన్నని అలలు కదిలితే చాలు, నీరు చిమ్మనక్కరలేదు. ఏంజెల్ చేపలు నెమ్మదైన నీటిలో పుట్టినవి. వాటి పలుచని, ఎత్తైన శరీరం తెరచాపలా ప్రవాహాన్ని పట్టుకుంటుంది కనుక ఉరవడి నీటిలో రోజంతా ఈది అలసిపోతాయి. అవి ఒక మూలకే అంటిపెట్టుకున్నా, రెక్కలు ముడిచినా మూతిని గాజువైపు కాస్త తిప్పి ధాటిని తగ్గించు. జీబ్రా డానియోల వంటి వాగు చేపలైతే అదే ప్రవాహానికి ఎదురీదుతూ ఉత్సాహంగా ఉంటాయి.

ఫిల్టర్ నిజంగా ఎంత నీరు తోస్తోందో కూడా కొలిచి చూడు, డబ్బాపై ముద్రించిన అంకెను నమ్మి ఊరుకోవద్దు. నీ తొట్టి 36, 15, 18 అంగుళాల కొలతల ప్రకారం 159 లీటర్లు. అడుగున కంకర, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 130 లీటర్ల నీరు ఉంటుందనుకో. ఫిల్టర్ మూతికి చిన్న గొట్టం ముక్క తగిలించి, రెండు లీటర్ల గిన్నె ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడు. 18 సెకన్లు పడితే గంటకు 400 లీటర్లు, అంటే తొట్టి నీరంతా గంటకు మూడుసార్లు తిరుగుతున్నట్టు. నీ వంటి తొట్టికి నాలుగు నుంచి ఆరుసార్లు సరిపోతుంది. తక్కువ వస్తే ముందుగా స్పాంజ్ కడుగు. కడిగాక 12 సెకన్లకు దిగితే గంటకు 600 లీటర్లు, కొత్త పంపుతో పని లేదు. కడిగేటప్పుడు మాత్రం తొట్టిలోంచి తోడిన నీటిలోనే పిండాలి. చేపలు విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఆ స్పాంజ్‌లోనే కాపురం ఉంటాయి, కుళాయి నీటి క్లోరిన్ వాటిని చంపుతుంది. చెయ్యి నీటిలో పెట్టే ముందు ప్రతిసారీ ప్లగ్గు తీసెయ్యి. ఈ ఒక్క విషయంలో నిన్ను బతిమాలుతున్నాను.

వేసవి రాత్రుల కోసం చిన్న ఎయిర్ పంప్ ఒకటి అదనంగా పెట్టుకో. దాన్ని నీటిమట్టం కంటే ఎత్తులో ఉంచాలి, లేదా గొట్టం మధ్యలో నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ బిగించాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీరు గొట్టం వెంట వెనక్కి వచ్చి పంపులోకి దిగుతుంది. పవర్ బ్యాంకుతో నడిచేవి దొరుకుతున్నాయి. కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ వాడకాన్ని గుర్తించక వాటంతట అవే ఆగిపోతాయి కనుక, కరెంటు పోయేదాకా ఆగకుండా ముందే ఓ గంట నడిపి చూడు.

ఒకసారి నేను చేసిన పొరపాటు నువ్వు చేయకూడదని చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక మే నెల రాత్రి కరెంటు పోయి, మర్నాడు పది గంటలకు గానీ రాలేదు. అప్పట్లో నాకు తొట్టి బయట పెట్టే మూత డబ్బా ఫిల్టర్ ఉండేది. అన్ని గంటలూ అందులో నిలిచిన నీటిలో ప్రాణవాయువు అయిపోయి, సూక్ష్మజీవులు చచ్చి, లోపలంతా కుళ్లింది. కరెంటు రాగానే అది తనంతట తానే మొదలై ఆ కుళ్లునంతా తొట్టిలోకి పోసింది. గదిలోకి వెళ్లేసరికి కుళ్లిన కోడిగుడ్డు వాసన. సాయంత్రానికి ఏడు గోల్డ్‌ఫిష్‌లు పోయాయి, వాటిలో రెండింటిని నేను ఆరేళ్లు పెంచాను. నీ ఫిల్టర్ తొట్టిలోనే ఉంటుంది కనుక అంత ప్రమాదం లేకపోయినా, మూడు నాలుగు గంటలకు మించి ఆగిపోయినప్పుడు స్పాంజ్‌ను తొట్టి నీటిలో పిండాకే మళ్లీ నడుపు.

ఈ మార్పులన్నీ ఒకే రోజు చేయవద్దు. శనివారం రాళ్లు, ఫిల్టర్ మూతి సర్దు; స్పాంజ్ సంగతి వచ్చే వారం చూడవచ్చు. ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు, లైటు వేయకుండా, టార్చి మీద సన్నని గుడ్డ కప్పి చేపలు ఎక్కడున్నాయో చూడు. పైన ఎన్ని ఉన్నాయో, నడుమ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మావయ్య