తేదీకి పదిరోజుల ముందే సిద్ధంగా ఉండు

అమ్మాయీ,

నిన్న ఫోనులో “పెద్దమ్మా, తేదీ ఇచ్చారు, 36 వారాలు నిండగానే ఆపరేషన్” అని చెప్పి కాసేపు మాట్లాడకుండా ఉండిపోయావు. నాకూ వెంటనే మాట రాలేదు. ఇలాంటివి నోటితో చెబితే సగం చెవిన పడవు, పడినవి కూడా భయంలో కొట్టుకుపోతాయి. అందుకే రాస్తున్నాను. మనసు నిలకడగా ఉన్నప్పుడు రెండుసార్లు చదువు. అల్లుడుగారి చేత కూడా చదివించు.

ప్రసూతి వార్డులో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గదిలో కలిపి నేను 28 ఏళ్లు నర్సుగా పనిచేశానని నీకు తెలుసు. తెలియనిది ఒకటుంది. నాకూ నీలాగే మాయ (ప్లాసెంటా) గర్భాశయం కిందిభాగంలో అంటుకుని ద్వారానికి అడ్డుపడింది. నాకూ తేదీ ఇచ్చారు. దానికి ఇంకా తొమ్మిది రోజులుందనగా, తెల్లవారుజామున పక్క తడిగా తగిలి లేచి చూస్తే రక్తం. నొప్పి మాత్రం లేదు. ఎందరో తల్లుల చేత సంచి సర్దించినదాన్ని, నా సంచి సర్దుకోలేదు. స్కాన్ రిపోర్టులు ఒక అలమరలో, రక్తం గ్రూపు కాగితం ఇంకెక్కడో. మీ పెదనాన్న ప్రయాణంలో ఉన్నారు. బిడ్డా నేనూ క్షేమంగానే బయటపడ్డాం. కానీ ఆ అరగంట వెతుకులాట తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. అది నీకు రాకూడదు.

ఆ తేదీ డాక్టర్లు వేసుకున్న లెక్క. నీ శరీరం ఆ లెక్క ప్రకారమే నడుస్తుందన్న హామీ లేదు. కనుక ఈ వారమే సంచి సర్దు. రిపోర్టులన్నీ ఒకే కవరులో పెట్టి, పైన ఒక కాగితం మీద నీ రక్తం గ్రూపు, వాడుతున్న మందులు, వాటి మోతాదు, పడని మందులు, “మాయ అడ్డంగా ఉంది” అన్న మాట పెద్ద అక్షరాలతో రాయి. అర్ధరాత్రి పిలిస్తే బండి తీసుకుని వచ్చే మనుషులు ఇద్దరు ఉండాలి. ఒక్కరు చాలరు.

రక్తం కనబడితే అది కొద్దిగానైనా, నొప్పి లేకపోయినా, ఆగిపోయినా ఆసుపత్రికి వెళ్లు. పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. బయలుదేరే ముందు ఏమీ తినకు, తాగకు, వెంటనే ఆపరేషన్ చేయవలసి రావచ్చు. అక్కడ కొత్తవారెవరైనా లోపలి పరీక్ష చేయబోతే మాయ సంగతి ముందే చెప్పు, వేలితో తాకితే రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. ఉమ్మనీరు పోయినా, కడుపు పదేపదే బిగుసుకుంటున్నా, బిడ్డ కదలికలు తగ్గినా ఇదే మాట.

ఇంకో మూడు వారాలు కడుపులోనే ఉంటే బిడ్డ బలపడుతుంది కదా అని అడిగావు. నిజమే. కానీ నెలలు నిండుతున్నకొద్దీ గర్భాశయం కిందిభాగం సాగి పలచబడుతుంది. అక్కడే అంటుకున్న మాయ అంచు ఊడివస్తే రక్తస్రావం ఒక్కసారిగా ఉధృతం కావచ్చు. అందుకే ఇలాంటి గర్భాలకు సాధారణంగా 36, 37 వారాల మధ్య సిజేరియన్ చేస్తారు. బిడ్డ ఊపిరితిత్తులు ఎంత సిద్ధమయ్యాయి, తల్లికి ఎంత ప్రమాదం అని రెంటినీ తూచి తీసుకునే నిర్ణయం అది. నువ్వు చేసిన తప్పేదో ఇందుకు కారణమని ఎక్కడా లేదు తల్లీ. మెట్లెక్కినందుకో, ఏదో తిన్నందుకో మాయ కిందికి రాదు.

పోయినసారి రక్తం పడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక్కో రోజు ఎడంతో రెండు ఇంజెక్షన్లు ఇచ్చారన్నావు. అవి బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పరిపక్వం కావడానికి ఇచ్చే స్టెరాయిడ్లు. లిగిన్స్ అనే వైద్యుడు న్యూజీలాండ్‌లో మొదట గొర్రెల మీద చేసిన పరిశోధనలో ఈ సంగతి గమనించాడు. తర్వాత పిల్లల డాక్టర్ హోవీతో కలిసి గర్భిణులలో పరీక్షించి 1972లో ఫలితాలు ప్రకటించాడు. నేను ఉద్యోగంలో చేరిన రోజులకీ, మానేసిన రోజులకీ చిన్నపిల్లల గదిలో నేను చూసిన తేడాలో ఆ ఇంజెక్షన్ల పాలు చాలా ఉంది. వాటివల్ల తల్లికి కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. ఆ వారం నీ అంకెలు ఎగిసిపడింది బహుశా అందుకే, నీ పథ్యంలో లోపం వల్ల కాదు.

డాక్టరుగారిని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. నాకోసం రక్తం ముందే సరిపోల్చి సిద్ధంగా ఉంచుతారా? నెలలు నిండని బిడ్డకు ఊపిరి సాయం అవసరమైతే ఆ ఏర్పాటు ఈ ఆసుపత్రిలోనే ఉందా, లేక ఇంకోచోటికి పంపుతారా? రెండోదానికి “పంపుతాం” అని జవాబు వస్తే, ఆ సదుపాయం ఉన్నచోటనే కాన్పు జరిగేలా ఇప్పుడే మార్పించుకో. పుట్టిన గంటలో బిడ్డను అంబులెన్సులో తరలించడం కంటే, నీ కడుపులో ఉండగానే నువ్వు తరలిపోవడం ఎన్నో రెట్లు మేలు. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. హిమోగ్లోబిన్ ఎంత ఉందో కూడా అడుగు. తక్కువైతే పెంచడానికి ఇంకా కొన్ని రోజులున్నాయి. నీ రక్తం గ్రూపు నెగెటివ్ అయితే, తర్వాతి కాన్పుల్లో బిడ్డకు హాని రాకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి గుర్తు చేయి. బిడ్డది పాజిటివ్ అని తేలితే అది కాన్పయిన 72 గంటల్లోపు పడాలి.

సమ్మతి పత్రం ముందురోజే తెప్పించుకుని చదువు. అందులో రక్తం ఎక్కించడం, అరుదుగా గర్భసంచి తీసేయవలసి రావడం వంటి మాటలు ఉంటాయి. స్ట్రెచర్ మీద పడుకుని మొదటిసారి చదివితే గుండె ఆగినంత పని అవుతుంది. ఇంట్లో కూర్చుని చదివితే అవి ప్రశ్నలుగా మారతాయి, అడగవచ్చు.

ముందురాత్రి సంగతులు తేలికైనవే. ఎన్ని గంటలకు తినడం ఆపాలో వాళ్లే చెబుతారు. సాధారణంగా గట్టి ఆహారం ఆరు నుంచి ఎనిమిది గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపమంటారు. ఇన్సులిన్ తీసుకుంటున్నావు కనుక ఖాళీ కడుపుతో ఉండే ఆ ఉదయం ఎంత తీసుకోవాలి, అసలు తీసుకోవాలా అన్నది అడిగి రాసుకో. గోళ్ల రంగు తుడిచేయి, వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పుకు అది అడ్డు వస్తుంది. వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీసుకోవద్దు. చిన్న గాటు పడినా క్రిములు చేరతాయి. అవసరమైతే అక్కడే కత్తిరిస్తారు.

ఆపరేషన్ గదిలో చలిగా ఉంటుంది. చుట్టూ చాలామంది ఉంటారు. మత్తు డాక్టర్ నిన్ను ముందుకు వంగి కూర్చోమని నడుము దగ్గర సూది వేస్తారు. కాళ్లు వెచ్చబడి, బరువెక్కి, నీవి కానట్టు అయిపోతాయి. తర్వాత నొప్పి ఉండదు కానీ లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తుంది. అది మామూలే. తల తిరిగినా, వికారం వచ్చినా వెంటనే చెప్పు, బీపీ పడిపోయి ఉండవచ్చు, మందు ఇస్తారు. బిడ్డ కొద్ది నిమిషాల్లోనే బయటికి వస్తుంది. తర్వాతి పనికే సమయం పడుతుంది. మాయ అంటుకున్న కిందిభాగం పైభాగమంత గట్టిగా ముడుచుకోదు, అందుకని రక్తం ఆపడానికి ఎక్కువసేపు చూస్తారు. ఆలస్యమైతే ఏదో జరిగిపోయిందని ఊహించుకోకు. పరిస్థితిని బట్టి పూర్తి మత్తు ఇవ్వవలసి రావచ్చు కూడా. అలా అయితే బిడ్డ మొదటి ఏడుపు నువ్వు వినవు. ఆ మాట ఇప్పుడే చెప్పడం నాకు కష్టంగా ఉంది. తెలియకుండా వెళ్లడం నీకు ఇంకా కష్టం.

ఇక అందరూ మరిచిపోయే విషయం. కాన్పుకు సిద్ధపడతారు గానీ, కాన్పు అయిన తర్వాత తల్లి ఒక గదిలో, బిడ్డ ఒక గదిలో ఉండే గంటలకు ఎవరూ సిద్ధపడరు. 36 వారాల బిడ్డ చూడటానికి పూర్తి బిడ్డలాగే ఉంటుంది. కానీ కొందరు మొదటి రోజు వేగంగా ఊపిరి తీస్తారు, ఊపిరితిత్తుల్లోని నీరు ఇంకడానికి సమయం పడుతుంది. త్వరగా చల్లబడతారు. నీకు షుగర్ ఉంది కనుక బిడ్డకు పుట్టగానే చక్కెర తగ్గవచ్చు, అందుకే మడమ మీద పొడిచి మాటిమాటికీ పరీక్షిస్తారు. ఆ చిన్న మడమ మీద మచ్చలు చూసి నీ గుండె తరుక్కుపోతుంది, అయినా అవి బిడ్డ మేలు కోసమే. నాలుగైదు రోజులకు కామెర్లు కనిపించవచ్చు, నీలికాంతి కింద ఉంచుతారు. ఇవేవీ జరగకుండా బిడ్డ నేరుగా నీ పక్కకే కూడా రావచ్చు.

బిడ్డను తీసుకెళ్లవలసి వస్తే అల్లుడుగారు బిడ్డ వెంట వెళ్లాలి, చెల్లి నీ దగ్గర ఉండాలి. ఇది ముందే తేల్చుకోండి. లేకపోతే ఆ క్షణంలో ఇద్దరూ నీ మంచం దగ్గరే నిలబడిపోతారు. బిడ్డ ఫొటో తీసి తెచ్చి చూపించమని చెప్పు. నేను ఎంతోమంది తల్లులకు అలా చూపించాను. ఫొటో చూశాక వాళ్ల ఊపిరి మారేది.

పాల విషయంలో ఆలస్యం చేయకు. బిడ్డ నోరు పెట్టలేకపోయినా, మొదటి గంట రెండు గంటల్లోనే నర్సు సాయంతో చేత్తో ముర్రుపాలు పిండడం మొదలుపెట్టు. చుక్కలే వస్తాయి. అవి చాలు, సిరంజిలో పట్టి బిడ్డకు పంపుతారు. తర్వాత రోజుకు ఎనిమిదిసార్లకు తగ్గకుండా, రాత్రి కూడా ఒక్కసారైనా పిండాలి. మూడో రోజు దాకా ఏమీ రావడం లేదని ఏడ్చి మానేసిన తల్లులను చూశాను, ఇంకొక్క రోజు ఓర్చుకుని ఉంటే సరిపోయేది. ఒక హెచ్చరిక. కాన్పుకు ముందే పిండి దాచుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినకు. రొమ్ము ప్రేరణతో గర్భాశయం బిగుసుకుంటుంది, మాయ అడ్డంగా ఉన్న నీకు అది తగదు.

ఇంకొకటి, బిడ్డను చర్మానికి చర్మం తగిలేలా గుండెల మీద పెట్టుకోవడం. దీన్ని కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గర్ రే అనే డాక్టర్ మొదలుపెట్టాడు. తర్వాత అది బిడ్డ ప్రాణాన్ని నిలబెట్టే పద్ధతి అని తేలింది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. నువ్వు లేవలేని స్థితిలో ఉంటే అల్లుడుగారు చేయవచ్చు, ముందు గుండీలు ఉన్న చొక్కా వేసుకుని రమ్మను. “ఎప్పుడు పెట్టుకోవచ్చు?” అని నువ్వే అడుగు. పని ఒత్తిడిలో సిబ్బంది తమంతట తాము చెప్పకపోవచ్చు.

నీ ఒంటి గురించి కొంచెం. మొదటిసారి లేచేటప్పుడు నిటారుగా లేవకు. పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వేసి, చేత్తో నెట్టుకుంటూ లే. దగ్గు వస్తే చిన్న దిండు కడుపుకు అదుముకో. నొప్పి మందు నొప్పి ముదిరాక కాదు, చెప్పిన వేళకే వేసుకో. ఓర్చుకుంటే బహుమతి ఏమీ లేదు, పైగా నడవలేవు. నడవకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఇంటికి వచ్చాక ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కనిపించినా, ఒక గంటలో ప్యాడు పూర్తిగా తడిసిపోయినా, తీవ్రమైన తలనొప్పితో కళ్లు మసకబారినా ఎవరికీ చెప్పకుండా పడుకోవద్దు.

మూడో రోజో, నాలుగో రోజో కారణం లేకుండా ఏడుపు వస్తుంది. రానీ. రెండు వారాలు దాటినా ఆ దిగులు వదలకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోతే డాక్టరుకు చెప్పాలి, కుట్లు నొప్పి పెడితే చెప్పినట్టే. సిజేరియన్ కాబట్టి నువ్వు కన్నది కాదన్నట్టు మాట్లాడేవాళ్లు ఎదురైతే నాకు ఫోను చేయి, వాళ్లతో నేను మాట్లాడతాను.

ఎల్లుండి పరీక్షకు వెళుతున్నావు కదా. రక్తం, పిల్లల విభాగం, హిమోగ్లోబిన్, ఇన్సులిన్, ఈ నాలుగూ అడిగి జవాబులు అక్కడే కాగితం మీద రాసుకో. సాయంత్రం నాకు చదివి వినిపించు. సంచి సర్దినట్టు కూడా అప్పుడే చెప్పాలి.

నీ పెద్దమ్మ