బావగారి 800తో శ్రీశైలం వెళ్లే ముందు

చిరంజీవి కిరణ్‌కు మేనమామ ఆశీస్సులు.

నాలుగేళ్లుగా కవరు కింద ఉన్న మీ నాన్నగారి మారుతి 800ని లేపి, దసరా సెలవుల్లో శ్రీశైలం తీసుకెళ్తానన్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం. ముందు రంగు వేయిస్తానన్నావట, అది మాత్రం చివరికి పెట్టుకో. నిలబెట్టేసిన కారు ముందు పాడయ్యేది రబ్బరు దగ్గర, నీళ్లు చేరిన చోట. హోసులు, సీళ్లు, బెల్టులు, టైర్లు, బ్రేక్ ఆయిల్, పెట్రోలు ట్యాంకు. నీ దగ్గరున్న డబ్బు ముందు వీటికి పోవాలి, మిగిలితే రంగుకు.

బ్యాటరీ తగిలించగానే తాళం తిప్పకు అల్లుడూ. మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలెయ్. సిలిండర్ గోడలకు పట్టేసిన పిస్టన్ రింగులు ఆ ఆయిల్ దిగి వదులవుతాయి. పొద్దున టాప్ గేరులో వేసి కారును చేత్తో ముందుకీ వెనక్కీ ఊపు. ఇంజిన్ తిరిగితే సరే. తిరక్కపోతే మళ్లీ ఆయిల్ పోసి ఇంకో రెండు రోజులు ఆగు, తోసి స్టార్ట్ చేయించకు. హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేసి ఉంటే వెనక చక్రాల్లో బ్రేక్ షూలు చుట్టూ ఉండే డ్రమ్ముకు అతుక్కుని ఉంటాయి. అప్పుడు బండి కదలనిది ఇంజిన్ వల్ల అనుకుంటావు, అది కూడా చూసుకో.

స్టార్ట్ చేసే ముందే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, టైమింగ్ బెల్టు (ఇంజిన్ వాల్వులను సరైన సమయానికి తెరిపించే పళ్ల బెల్టు), దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ మార్చు. ఆయిల్ సుమారు మూడు లీటర్లు పడుతుంది, ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ చూసుకుంటూ పొయ్యి. టైమింగ్ బెల్టు పైకి కొత్తదానిలా కనిపించినా నమ్మకు. వెనక్కి వంచి పళ్ల మొదట్లో చూస్తే సన్నని పగుళ్లు తెలుస్తాయి. ఆ తర్వాత ప్లగ్గులు లేకుండానే స్టార్టర్ తిప్పి, మీటరులో ఆయిల్ దీపం ఆరాకే ప్లగ్గులు బిగించు.

ఇక పెట్రోలు సంగతి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ట్యాంకు పూర్తిగా దించి కడిగించు, పాత పెట్రోలు ఒక్క చుక్క కూడా వాడొద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు. ఎథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నీళ్లు ఎక్కువైతే అది నీళ్లతో కలిసి అడుగుకు దిగి ట్యాంకును తుప్పు పట్టిస్తుంది. మీ 1998 నాటి బండిలోని రబ్బరు దానికోసం చేసింది కాదు, ఉబ్బుతుంది, లోపల పొరలు పొరలుగా ఊడుతుంది. ఆ ముక్కలే పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్‌లోని సన్నని రంధ్రాల్లో, అంటే జెట్లలో, ఇరుక్కుంటాయి. అందుకే ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న ప్రతి హోసూ ఎథనాల్ తట్టుకునేదే వేయించు, క్లిప్పులు కూడా కొత్తవే. పెట్రోలు పంపులో ఉండే డయాఫ్రమ్ అనే పల్చని పొర కూడా రబ్బరే. అది చిరిగితే పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లోకి దిగే ప్రమాదం ఉంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడు. ఆయిల్ పెట్రోలు వాసన వేస్తూ గుర్తు కన్నా పైకి వచ్చి ఉంటే బండి నడపొద్దు, పంపు మార్చి ఆయిల్ మళ్లీ మార్చాల్సిందే.

కార్బొరేటర్‌కు రిపేర్ కిట్టు కొని గాస్కెట్లు, నీడిల్ వాల్వు మార్పించు. జెట్లలో తీగ పెట్టి పొడవనివ్వకు. అవి ఇత్తడివి, రంధ్రం వెంట్రుకంత పెద్దదైనా బండి పెట్రోలు తాగుతుంది. క్లీనర్ కొట్టి గాలి పట్టిస్తే చాలు.

బ్రేకుల దగ్గర మాత్రం ఒక్క రూపాయి కూడా మిగుల్చుకోకు. వెనక చక్రాల్లో బ్రేక్ షూలను నెట్టే వీల్ సిలిండర్లు విప్పి చూడు, లోపల తుప్పు గుంటలుంటే కిట్టుతో సరిపెట్టకుండా సిలిండరే మార్చు. ముందు చక్రాల డిస్క్ బ్రేకుల క్యాలిపర్ సీళ్లు, రబ్బరు బ్రేక్ పైపులు అన్నీ కొత్తవి వెయ్యి. పాత పైపు బయటికి బాగానే ఉండి లోపల వాచిపోతుంది, పెడల్ వదిలినా చక్రం పట్టుకునే ఉంటుంది. పాత బ్రేక్ ఆయిల్ తేమ పీల్చి ఉంటుంది. ఘాట్ దిగేటప్పుడు వేడికి ఆ నీరు ఆవిరై, పెడల్ నేలకు తగులుతుంది. మొత్తం తీసేసి కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ పొయ్యి. బ్లీడింగ్, అంటే పైపుల్లోని గాలి తీయడం, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రం నుంచి మొదలుపెట్టు, బుడగలు ఆగాక కూడా నాలుగు సార్లు తొక్కించు.

రేడియేటర్లో ఇన్నాళ్లూ బోరు నీళ్లు పోసి ఉంటారు. మన ఊరి బోరు నీళ్లకు లోపల సున్నం కట్టి ఉంటుంది, గొట్టాల్లో కడ్డీలు పెట్టి శుభ్రం చేసే రాడ్డింగ్ చేయించు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. ఎవరైనా వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుందంటే వినకు. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి త్వరగా రాక పెట్రోలు కాల్చేస్తుంది, అరుగుదల పెరుగుతుంది. నిలబెట్టి ఇంజిన్ నడుపుతూ ఫ్యాను దానంతటదే తిరగడం, మళ్లీ ఆగడం కళ్లారా రెండు సార్లు చూడు.

సామాన్ల కోసం హైదరాబాద్‌లో స్పేర్ పార్టులు దొరికే పుత్లీబౌలి, రాణీగంజ్ రెండూ తిరుగు. పాత భాగం చేత్తో పట్టుకుని వెళ్లు, పక్కపక్కన పెట్టి పోల్చుకున్నాకే డబ్బివ్వు. టైర్ల పక్కన నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే గాడి ఎంతున్నా మార్చెయ్. కార్పెట్ ఎత్తి నేల రేకును, జాకీ పెట్టే చోటును తుప్పు తినేసిందేమో స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడు. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చూసుకో.

ముందు కాలనీలో పది కిలోమీటర్లు, తర్వాత చేవెళ్ల మీదుగా అనంతగిరి. పోను రాను 150 కిలోమీటర్లు, చిన్న ఘాటు ఉంటుంది, ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. తిరిగొచ్చాక ప్లగ్గులు తీసి చూడు. మొన వేయించిన ధనియాల రంగులో ఉంటే కార్బొరేటర్ సరిగ్గా ఉన్నట్టు. మసి నలుపైతే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ. ప్లగ్గులు తెల్లగా ఉన్న బండితో ఘాటు ఎక్కితే ఇంజిన్ వేడెక్కుతుంది.

శ్రీశైలానికి తెల్లవారుజామున ఐదుకు బయల్దేరితే కల్వకుర్తి, డిండి మీదుగా మన్ననూరుకు ఎనిమిదిన్నరకల్లా చేరతావు. అక్కడ మొదలయ్యే అడవి దారి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, తిరుగు ప్రయాణం మధ్యాహ్నమే పెట్టుకో. పెట్రోలు అడవిలోకి వెళ్లకముందే నింపుకో, చాలా దూరం ఫోను సిగ్నల్ కూడా ఉండదు. ఈగలపెంట దాటాక కృష్ణలోకి దిగే మలుపుల్లో రెండో గేరు వదలకు. న్యూట్రల్ వేసి ఇంజిన్ ఆపి దిగితే బండిని పట్టే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. డ్యామ్ గేట్లు ఎత్తి ఉంటే అక్కడ బండ్లు బారులు తీరతాయి. మీటరులో వేడి చూపే ముల్లు పైకి పోతుంటే హీటరు పూర్తిగా తెరిచి బ్లోయర్ పెట్టు, ఇంజిన్ వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. చెమటలు పడతాయి, భరించు. రేడియేటర్ మూత మాత్రం అరగంట దాకా ముట్టుకోకు.

డిక్కీలో ఒక ఫ్యాన్ బెల్టు, పై హోసు, క్లిప్పులు, పెట్రోలు ఫిల్టర్, ప్లగ్గు, ఫ్యూజులు, లీటరు ఆయిల్, ఐదు లీటర్ల నీళ్లు, బైండింగ్ వైరు, తాడు. స్టెప్నీలో గాలి బయల్దేరే ముందు రోజు చూడు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పాయింట్లున్న రకమైతే ఒక సెట్టు పాయింట్లు, కండెన్సర్ కూడా పెట్టుకో.

ట్యాంకు దించిన రోజు లోపల టార్చి వేసి ఫొటో తీసి పంపు. తుప్పు ఎంతుందో చూసి, కడిగిస్తే సరిపోతుందా, కొత్తది వెయ్యాలా చెప్తాను.

మీ మామయ్య